పైలట్‌ అవ్వాలంటే ఏటీఆరా, ఎయిర్‌బసా, లేక టవరా? బరంపురం నుంచి జయపురం దాకా ఉన్న మనవాళ్ల కోసం

2022లో జయపురంలో తొమ్మిది సీట్ల చిన్న విమానం దిగడం మొదలైనప్పటి నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్‌, ఎక్కడి నుంచి చేసినా ప్రశ్న ఒకటే. "మా గుంటడిది ప్లస్‌ టూ సైన్సు బాబూ. పైలట్‌ చేద్దామనుకుంటున్నాం. మీరు ఆ పనిలోనే ఉన్నారు కదా, చేయించమంటారా?" కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, "జయపురం విమానమే నడుపుకుంటూ ఇంటి పట్టున ఉండొచ్చు కదా" అంటారు.

నేను ఏటీఆర్‌, అంటే రెండు ప్రొపెల్లర్ల ప్రాంతీయ విమానం, నడుపుతాను. ఈ ఉద్యోగమంటే నాకిష్టం. చేరమని చాలామందికి చెప్పాను, వద్దని అంతకంటే ఎక్కువమందికి చెప్పాను. వద్దన్నది పిల్లల్లో పస లేదని కాదు. లైసెన్సు చేతికొచ్చాక ఉద్యోగం దొరికేలోపు గడిచే కాలాన్ని ఆ ఇల్లు తట్టుకోలేదనిపించి. ఆ సంగతి తేలాకే ఏ విమానం, ఏ సంస్థ అన్న మాట.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

డబ్బు గురించే అందరూ ముందు అడుగుతారు, అక్కడే మొదలుపెడతాను. 200 గంటల ఫ్లయింగ్‌ పూర్తిచేసి కమర్షియల్‌ పైలట్‌ లైసెన్సు, అంటే సీపీఎల్‌, తెచ్చుకోవడానికి ఈరోజుల్లో అటూఇటుగా యాభై, అరవై లక్షలు వేసుకోండి. హాస్టలు, తిండి, పరీక్ష ఫీజులు, తప్పితే మళ్లీ రాసే ఖర్చు వేరే. ఆ పైన టైప్‌ రేటింగ్‌ ఉంటుంది. సీపీఎల్‌ ఉన్నంత మాత్రాన ఏటీఆర్‌నో ఎయిర్‌బస్‌నో ముట్టుకోనివ్వరు. ఒక్కో రకం విమానానికి విడిగా సిమ్యులేటర్‌ శిక్షణ తీసుకుని లైసెన్సులో ఎక్కించుకోవాలి. కొన్ని సంస్థలు ఆ ఖర్చు తామే పెట్టుకుని బాండ్‌ రాయించుకుంటాయి. కొన్ని ఆ భారం కూడా అభ్యర్థి మీదే వేస్తాయి.

అప్పు చేసే పనైతే లెక్క ఇలా ఉంటుంది. అరవై లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్ల గడువుతో తీసుకుంటే నెల కిస్తీ 82 వేల పైమాట. చదువు నడిచినన్నాళ్లూ, ఉద్యోగం కోసం చూసినన్నాళ్లూ వడ్డీ పోగై అసలులో కలిస్తే, కిస్తీ మొదలయ్యేనాటికి అది ఇంకా పెరుగుతుంది. అంత అప్పుకి బ్యాంకు తాకట్టు అడుగుతుంది. మనవైపు తాకట్టంటే సొంతిల్లే.

రెండోది ఎదురుచూపు. దీన్ని ఏ బ్రోచర్‌లోనూ అచ్చు వేయరు. "పద్దెనిమిది నెలల్లో సీపీఎల్‌" అంటారు గానీ వానలు, చెడిపోయిన విమానాలు, చాలని ఇన్‌స్ట్రక్టర్లు కలిసి దాన్ని రెండేళ్లో మూడేళ్లో చేస్తాయి. తర్వాత సంస్థలు మనుషుల్ని తీసుకునే దాకా ఆగాలి. ఒక ఏడు వందల్లో తీసుకుంటారు, మరో ఏడు తలుపే తెరవరు. మన సరిహద్దు జిల్లా మనిషే అనుప్రియా లక్రా సంగతి చూడండి. మల్కన్‌గిరి అమ్మాయి, ఒడిశా నుంచి వచ్చిన తొలి ఆదివాసీ మహిళా పైలట్‌. భువనేశ్వర్‌లోని ప్రభుత్వ ఏవియేషన్‌ ట్రైనింగ్‌ ఇన్‌స్టిట్యూట్‌లో 2012లో చేరింది, కో-పైలట్‌గా ఉద్యోగం వచ్చింది 2019లో. పేపర్లలో ఆ రెండో సంవత్సరమే పెద్దక్షరాల్లో వచ్చింది. మధ్యలోని ఏడేళ్లు ఆ ఇంటివాళ్లు ఎలా నెట్టుకొచ్చారో ఆలోచించి మరీ మీ నిర్ణయం తీసుకోండి.

ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా ఖర్చు ఆగదు. 2023లో నిబంధన మార్చి సీపీఎల్‌ గడువు అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు, మంచిదే. కానీ మబ్బుల్లో, చీకట్లో పరికరాలు చూసుకుంటూ నడిపే ఇన్‌స్ట్రుమెంట్‌ రేటింగ్‌ను ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి, మెడికల్‌ కూడా ఏడాదికోసారి. జీతం లేని మనిషి ఈ రెండూ చేతి డబ్బుతో నిలబెట్టుకోవాలి. లేదంటే ఇంటర్వ్యూ పిలుపు వచ్చేనాటికి కాగితాల గడువు దాటిపోతుంది.

మూడోది ఒళ్లు. నాలుగోది మీరు చేరే సంస్థ ఎన్నాళ్లు బతుకుతుందన్నది. అయిదోది ఎక్కడ కాపురం ఉండాలన్నది. ఈ మూడూ కింద ఒక్కో దారితో పాటే వస్తాయి. ఒళ్లు సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను.

## రూపాయి కట్టకముందు రెండు పనులు

మొదటిది మెడికల్‌. దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్‌ 2, ఆ తర్వాత క్లాస్‌ 1. స్కూళ్లు క్లాస్‌ 2తోనే చేర్చుకుంటాయి, ఫీజూ తీసుకుంటాయి. క్లాస్‌ 1 లేకుండా సీపీఎల్‌ ఇవ్వరు. కాబట్టి క్లాస్‌ 1 కూడా ముందే చేయించుకుని, ఆ తర్వాతే ఫీజు కట్టండి. కళ్లజోడు ఉన్నా పర్వాలేదు, అద్దాలతో చూపు సరిపడితే చాలు. రంగులు గుర్తుపట్టలేకపోతే కష్టం. చుక్కల పుస్తకం తెరిచి, అందులో అంకె ఎంతో చెప్పమంటారు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా తనకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదన్న సంగతే తెలియని కుర్రాళ్లు ఉంటారు. బరంపురంలో మంచి కంటి డాక్టరు దగ్గర ఈ ఒక్క పరీక్ష చేయించడానికి కొన్ని వందలు అవుతాయి.

రెండోది కాగితాలు. ఇది మన తెలుగిళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒడిశా స్కూళ్లలో మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరంగా ఎక్కుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పాస్‌పోర్టులో మరోలా ఉంటే, డీజీసీఏ దగ్గర పరీక్షలు రాయడానికి కావాల్సిన కంప్యూటర్‌ నంబరు తీసుకునే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. పదో తరగతిలో ఎలా ఉందో అన్నీ అలా దిద్దించుకోండి. ప్లస్‌ టూ మార్కులను బోర్డు ధృవీకరించాలి. మన పిల్లలకు అది భువనేశ్వర్‌లోని సీహెచ్‌ఎస్‌ఈ నుంచి రావాలి, దానికి టైము పడుతుంది. ప్లస్‌ టూలో ఫిజిక్స్‌, మ్యాథ్స్‌ లేనివాళ్లు ఓపెన్‌ స్కూల్లో, అంటే ఎన్‌ఐఓఎస్‌లో, ఆ రెండు సబ్జెక్టులూ రాసి దారిలోకి రావచ్చు. కామర్స్‌ చదివి ఇలా వచ్చిన పైలట్లు ఉన్నారు.

ఇంగ్లిష్‌ గురించి తల్లిదండ్రులు పడేంత భయం అక్కర్లేదు. అంతర్జాతీయ కొలత ప్రకారం లెవెల్‌ 4 ఉంటే చాలు. రేడియోలో మాట్లాడే మాటలు లెక్కగా, ముక్తసరిగా ఉంటాయి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ మోసుకుంటూ పెరుగుతారు. నాలుగో భాష వాళ్లకు బరువు కాదు.

## మొదటి దారి: ప్రాంతీయ విమానం

ఇందులో చాలా రకాలున్నాయి. జయపురం, ఉత్కేలా వచ్చే తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్‌, అలయన్స్‌ ఎయిర్‌ నడిపే 17 సీట్ల డోర్నియర్‌, రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్‌ 42, ఏటీఆర్‌ 72, స్టార్‌ ఎయిర్‌ దగ్గరున్న ఎంబ్రాయర్‌ జెట్లు. నేను ఎక్కువగా ఏటీఆర్‌ గురించే చెప్తాను, నాకు బాగా తెలిసింది అదే.

పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. పెద్ద జెట్‌ పైలట్‌ రోజులో రెండుసార్లు దిగితే, మేం నాలుగుసార్లు దిగుతాం. దిగే చోట్లు కూడా పొట్టి రన్‌వేలు, పక్కనే కొండలు. మధ్యాహ్నం నాలుగో సెక్టార్‌కి, అంటే ఆ రోజు నాలుగో ప్రయాణానికి, తయారవుతున్నప్పుడు విమానం దగ్గర ఎలా ఉంటుందో చెప్తాను. ఏటీఆర్‌కు జెట్‌లకు ఉన్నట్టు తోకలో విడి చిన్న ఇంజన్‌ ఉండదు. నేల మీద ఆగినప్పుడు కుడి ఇంజన్‌ నడుస్తూనే ఉంటుంది, దాని ప్రొపెల్లర్‌ను మాత్రం బ్రేకు వేసి కదలకుండా పట్టి ఉంచుతాం. హోటల్‌ మోడ్‌ అంటారు దాన్ని. లోపలికి ఏసీ, కరెంటు దాన్నుంచే. ఎడమవైపు వెనక తలుపు మెట్లమీదుగా జనం ఎక్కుతుంటారు, ముందు సామాను వేస్తుంటారు, మేం బయట చుట్టూ తిరిగి టైర్లు, ప్రొపెల్లర్‌ రెక్కలు, ఎక్కడన్నా నూనె కారుతోందా అని చూసుకుంటాం. గాలి దిక్కు కలిసిరాక హోటల్‌ మోడ్‌ పెట్టలేకపోతే మే నెలలో కాక్‌పిట్‌ కుంపటే. యూనిఫాం చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంటుంది, అప్పుడే సెల్ఫీ కావాలంటూ ఎవరో వస్తారు.

ఆ ఎండకే ఇంకో తలనొప్పి. వేడెక్కిన గాలి పలచబడుతుంది. రన్‌వే పొట్టిదైతే అంత వేడిలో నిండు బరువుతో లేవకూడదు. కొన్ని సీట్లు ఖాళీగా వదిలెయ్యాల్సి వస్తుంది, లేదా సామాను దింపాల్సి వస్తుంది. టికెట్‌ చేతిలో పెట్టుకుని దిగిపోవాల్సి వచ్చినవాళ్లు తిట్టేది కౌంటర్‌లో అమ్మాయిని, సంతకం పెట్టేది మాత్రం కెప్టెన్‌.

వానాకాలం అసలైన పరీక్ష. జెట్లు 35 వేల అడుగుల దగ్గర చాలా మబ్బుల మీదుగా వెళ్లిపోతాయి. ఏటీఆర్‌ గరిష్ఠ ఎత్తే 25 వేల అడుగులు, మామూలుగా ఇరవై వేల లోపే తిరుగుతాం. అంటే మబ్బులున్న చోటే మా ఉద్యోగం. తూర్పు కనుమల మీద సాయంత్రం లేచే ఉరుముల మబ్బుని రాడార్‌లో చూసుకుంటూ చుట్టు తిరిగి వెళ్లాలి. పరికరాల సాయంతో దిగే ఏర్పాటు లేని చిన్న విమానాశ్రయమైతే కళ్లతో రన్‌వేని చూస్తూనే దిగాలి, దానికి కనీసం 5 కిలోమీటర్లు స్పష్టంగా కనపడాలి. కోరాపుట్‌ కొండల్లో పొగమంచు, ముసురు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తిరిగి వెనక్కి వెళ్లిపోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. "దగ్గరిదాకా వచ్చి దింపకుండా తీసుకుపోయాడు" అని తిట్టించుకున్నా సరే, వెనక్కి తిప్పగలిగిన మనిషే ఈ సీటుకు తగినవాడు.

ఇక చేదు సంగతి, సంస్థల ఆయుష్షు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్‌ పథకం 2016లో ప్రకటించారు, 2017 ఏప్రిల్‌లో మొదటి విమానం ఎగిరింది. ఆ పథకం పని చేసే తీరు ఇది: మార్గం దక్కించుకున్న సంస్థ సగం సీట్లను ప్రభుత్వం పెట్టిన పరిమితి ధరకు అమ్మాలి, అందులో వచ్చే నష్టానికి మూడేళ్లపాటు సాయం అందుతుంది. మూడేళ్లయ్యాక మార్గం తన కాళ్ల మీద తాను నిలబడాలి. చాలావరకు నిలబడవు. 2023లో కాగ్‌ ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది: కేటాయించిన 774 మార్గాల్లో మొదలైనవి 371. వాటిలో మూడేళ్లు పూర్తిగా నడిచినవి 112. ఆ తర్వాతా నడుస్తున్నవి 54.

ఆ లెక్కలో మార్గం ఆగిన ప్రతిచోటా ఒక రోస్టర్‌, అంటే పైలట్ల డ్యూటీ పట్టిక, ఖాళీ అవుతుంది. మన తెలుగువాళ్ల దగ్గర పుట్టిన సంస్థలే చూడండి. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్‌ కోస్టా 2017లో ఆగిపోయింది. హైదరాబాద్‌ నుంచి నాందేడ్‌, కడప, విద్యానగర్‌ వైపు తిరిగిన ట్రూజెట్‌ 2022లో ఆగింది. ఉడాన్‌ మొదటి విడతలో బోలెడు మార్గాలు దక్కించుకున్న ఎయిర్‌ ఒడిశా ఊసే లేకుండా పోయింది. నేను మొదట చేరిన సంస్థలో కూడా జీతం ముందు వారం ఆలస్యమైంది, తర్వాత నెల, తర్వాత సగం. అలాంటప్పుడు వెంటనే ఇంకో చోటికి దూకేద్దామంటే కుదరదు. డీజీసీఏ నియమం ప్రకారం కెప్టెన్‌ ఏడాది ముందు, ఫస్ట్‌ ఆఫీసర్‌, అంటే కో-పైలట్‌, ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా ప్రాంతీయ సంస్థలో అడుగుపెట్టకండని నేను చెప్పేది అందుకే.

జీతం మామూలు ఉద్యోగాలతో పోలిస్తే మంచిదే, పెద్ద జెట్లతో పోలిస్తే తక్కువ. ఆఫర్‌ లెటర్‌లో పెద్దక్షరాల్లో కనిపించే మొత్తాన్ని కాదు చూడాల్సింది. నెలకు ఎన్ని గంటలకు గ్యారంటీ ఇస్తున్నారు, విమానం రిపేర్లో ఉండి మీరు ఎగరకపోయినా ఆ డబ్బు వస్తుందా, శిక్షణ నెలల్లో ఎంత ఇస్తారు, అవి అడగండి. రెండు మూడు విమానాలున్న సంస్థలో ఒకటి రిపేర్‌కి వెళ్తే మిగతావాళ్ల గంటలు ఒక్కసారిగా పడిపోతాయి.

"జయపురం విమానమే నడుపుతూ ఇంట్లో ఉండొచ్చు" అన్నదానికి సూటి జవాబు: ఉండలేరు. పైలట్‌ కాపురం బేస్‌లో. బేస్‌ అంటే హైదరాబాద్‌, భువనేశ్వర్‌, కోల్‌కతా, గోవా లాంటి చోట్లు. జయపురంలో విమానం ఆగేది మళ్లీ జనం ఎక్కేంతసేపే. మీ అమ్మగారు కంచెవతల నిలబడి చెయ్యూపితే మీకు కనపడొచ్చు, అంతవరకే.

## రెండో దారి: పెద్ద సంస్థ, పెద్ద జెట్‌

ఇక్కడ రెండు రకాలుగా వెళ్లొచ్చు. సొంతంగా సీపీఎల్‌ చేసి, సంస్థ ప్రకటన ఇచ్చినప్పుడు పరీక్ష రాసి వెళ్లడం ఒకటి. మొదటి రోజు నుంచే సంస్థ పేరుతో నడిచే క్యాడెట్‌ ప్రోగ్రాంలో చేరడం రెండోది. క్యాడెట్‌ దారిలో టైప్‌ రేటింగ్‌తో కలిపి ఖర్చు కోటి దాటొచ్చు. చివర్లో ఉద్యోగం ఉంటుందన్న భరోసాకే ఆ ఎక్కువ ధర. కానీ ఆ భరోసా కాగితం మీద ఏ మాటల్లో ఉందో వకీలుకి చూపించండి. చాలాచోట్ల అది "షరతులకు లోబడి"నదే. సంస్థకు విమానాలు ఆలస్యంగా వస్తే మీరూ ఆలస్యంగానే మొదలవుతారు.

పెద్దదైతే మునగదనుకోకండి. కింగ్‌ఫిషర్‌ 2012లో, జెట్‌ ఎయిర్‌వేస్‌ 2019లో, గో ఫస్ట్‌ 2023లో ఆగిపోయాయి. తేడా ఏంటంటే, ఎయిర్‌బస్‌ 320 రేటింగ్‌ ఉన్నవాడికి దేశంలో వేరే తలుపులు చాలా ఉంటాయి. ఏటీఆర్‌ రేటింగ్‌ ఉన్నవాడికి తక్కువ.

పని మాత్రం అందరూ ఊహించుకునేంత సుఖం కాదు. అర్ధరాత్రి బయల్దేరి తెల్లారి దిగడాలు ఇక్కడే ఎక్కువ. నిబంధనల ప్రకారం ఏడాదికి 1,000 గంటలకు మించి ఎగరకూడదు, కొత్త నియమాల్లో వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచారు. జెట్‌ పైలట్లు ఆ 1,000కి దగ్గరగా వెళ్తారు. కానీ విమానాన్ని చేత్తో నడిపేది తక్కువ, చాలాభాగం ఆటోపైలట్‌. ఇది నా పక్షపాతం అనుకోండి, ఏటీఆర్‌లో కొన్నేళ్లు చేసి జెట్‌కి మారినవాళ్లు ఎదురుగాలిలో, అడ్డగాలిలో తడబడరు. మారాలంటే కొత్త టైప్‌ రేటింగ్‌ కావాలి, కొన్నాళ్లు మళ్లీ కుడి సీట్లో, అంటే కో-పైలట్‌గా, కూర్చోవాలి. ఒకే సంస్థలో రెండు రకాల విమానాలూ ఉంటే ఆ మార్పు తేలిక.

డబ్బుకి ఇబ్బంది లేదు, ఎక్కువ జీతం, విదేశాలకు వెళ్లే అవకాశం కావాలి అనుకుంటే జెట్‌ దారే సరైనది. దాన్ని కాదని ఏటీఆర్‌ ఎంచుకోమని నేను చెప్పను. జెట్‌ ఇంటర్వ్యూ పిలుపు కోసం రెండేళ్లు ఇంట్లో కూర్చుని, ఈలోపు వచ్చిన ఏటీఆర్‌ అవకాశాన్ని "చిన్నది" అని వదులుకునేవాళ్లనే నేను తప్పుపడతాను. గంటలు చేతిలో ఉన్నవాడికి బేరం ఆడే బలం ఉంటుంది. 1,500 గంటలు నిండితే ఏటీపీఎల్‌కి, అంటే కెప్టెన్‌ లైసెన్సుకి, దారి తెరుచుకుంటుంది.

## మూడో దారి: ఇన్‌స్ట్రక్టర్‌

సీపీఎల్‌ అయ్యాక ఇన్‌స్ట్రక్టర్‌ రేటింగ్‌ తీసుకుని ఫ్లయింగ్‌ స్కూల్లోనే నేర్పడం. జీతం తక్కువ, ఊరు మారుమూల, కానీ గంటలు పెరుగుతాయి, చేయి తప్పదు. ఎదురుచూపు కాలాన్ని వృథా చేయకుండా గడపడానికి ఇంతకంటే పద్ధతైన మార్గం నాకు తెలియదు. నేర్పే ఓపిక లేకపోతే మాత్రం వద్దు, నేర్చుకునేవాడు పక్కన కూర్చుని మిమ్మల్ని చంపడానికి రోజుకో కొత్త ఉపాయం కనిపెడతాడు.

## నాలుగో దారి: టవర్‌

ఈ దారి ఎవరూ అడగరు, నేనే చెప్తాను. ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీలో జూనియర్‌ ఎగ్జిక్యూటివ్‌, ఎయిర్‌ ట్రాఫిక్‌ కంట్రోల్‌. ఫిజిక్స్‌, మ్యాథ్స్‌తో బీఎస్సీ ఉంటే చాలు, ఇంజనీరింగ్‌ వాళ్లకూ అవకాశం ఉంది. వయసు 27 లోపు, రిజర్వేషన్‌ ఉన్నవాళ్లకు సడలింపు. పరీక్ష రాసి, గొంతు పరీక్ష, మానసిక పరీక్ష దాటితే ప్రభుత్వ రంగ ఉద్యోగం. మూల వేతనం 40,000 నుంచి 1,40,000 రూపాయల స్కేలు, దాని మీద అలవెన్సులు. పెట్టుబడి అప్లికేషన్‌ ఫీజు, పుస్తకాలు, కోచింగ్‌కి వైజాగ్‌లో అద్దె గది. మెడికల్‌ క్లాస్‌ 3, కాబట్టి క్లాస్‌ 1 దగ్గర ఆగిపోయినవాళ్లకూ ఒకసారి ప్రయత్నించే వీలుంది.

కుదుపులు లేని ఉద్యోగమని మాత్రం అనుకోకండి. రాత్రి షిఫ్టులుంటాయి, దేశంలో ఎక్కడికైనా బదిలీ ఉంటుంది, తెర మీద చుక్కల్లా కనిపించే విమానాల్లో వందల ప్రాణాలుంటాయి. పరీక్షకు పోటీ తీవ్రం. కానీ ఇల్లు తాకట్టు పెట్టకుండా విమానాల మధ్య బతకాలంటే దీనికి సాటి లేదు. టవర్‌లో చేసి, డబ్బు కూడబెట్టి, తర్వాత లైసెన్సు చేసినవాళ్లూ ఉన్నారు, అరుదుగా.

వైమానిక దళం గురించి ఒక్క ముక్క. ప్లస్‌ టూ అవుతుండగానే ఎన్‌డీఏ పరీక్ష, డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్‌ పరీక్ష. ఫ్లయింగ్‌ శిక్షణకు రూపాయి ఖర్చు లేదు, పైగా జీతం. అయితే అది ముందు సైన్యంలో ఉద్యోగం, ఆ తర్వాతే విమానం. ఆ జీవితం కావాలనుకునేవాళ్లే వెళ్లాలి. సివిల్‌ పైలట్‌ అవడానికి అడ్డదారిగా వాడుకుందామనుకుంటే ఎంపికలోనే పట్టేస్తారు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | ప్రాంతీయ (ఏటీఆర్‌, క్యారవాన్‌) | పెద్ద జెట్‌ | టవర్‌ (ఏటీసీ) |
|---|---|---|---|
| చేతి పెట్టుబడి | యాభై, అరవై లక్షలు. టైప్‌ రేటింగ్‌ సంస్థను బట్టి | అంతే. క్యాడెట్‌ అయితే కోటి దాటొచ్చు | చాలా తక్కువ |
| ఎదురుచూపు | తక్కువ కావచ్చు, నమ్మకం లేదు | నియామకాలు లేని ఏడు చాలా ఎక్కువ | నోటిఫికేషన్‌ పడేదాకా |
| మెడికల్‌ | క్లాస్‌ 1 | క్లాస్‌ 1 | క్లాస్‌ 3 |
| పని నేర్పు | చేత్తో నడిపేది ఎక్కువ, దిగడాలు ఎక్కువ | పద్ధతి, క్రమశిక్షణ, రాత్రి ఫ్లయింగ్‌ | తల చురుకు, గొంతు నిదానం |
| జీతం | మంచిదే, గంటలను బట్టి ఊగుతుంది | అన్నిటికంటే ఎక్కువ | స్థిరం, పెన్షన్‌ పథకం, సెలవులు |
| సంస్థ నిలకడ | బలహీనం | నడిమి | గట్టిది |
| ఇంటికి దూరం | బేస్‌ దక్షిణాదిలో దొరకొచ్చు | మహానగరాలే | బదిలీ ఎటైనా |

## మీ ఇల్లు ఎలాంటిదో చెప్పండి

వ్యాపారం ఉన్న ఇల్లు, ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు, ఒక పిల్లాడి కోసం యాభై లక్షలు పక్కన పెట్టినా దుకాణం షట్టర్‌ పడదు. అలాంటి ఇంటికి నేను ధైర్యంగా చెప్తాను, చేయించండి, ఏటీఆర్‌ వస్తే వెంటనే చేరమనండి.

నాన్న టీచరో రైల్వే ఉద్యోగో, రిటైరవడానికి మూడు నాలుగేళ్లుంది, సొంతిల్లు ఒకటే ఉంది, ఇంకో అమ్మాయి పెళ్లి ఉంది. నా దగ్గరికొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. గ్రాట్యుటీ, ప్రావిడెంట్‌ ఫండ్‌ మొత్తం తీసి పెడతామంటారు. వద్దంటాను. బీఎస్సీ చేయించి టవర్‌ పరీక్ష రాయించండి, లేదా ఏఎఫ్‌క్యాట్‌. అదే పట్టుదల పిల్లాడిలో ఇరవై అయిదేళ్లకూ ఉంటే అప్పుడు తన జీతంతో మొదలుపెట్టవచ్చు. సీపీఎల్‌కి కనీస వయసు 18. విమాన సంస్థల్లో 65 దాకా నడపనిస్తారు. తొందరపడాల్సింది ఏమీ లేదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌ చేస్తూ, కొంత డబ్బు దాచి, ఇరవై ఎనిమిదేళ్లకు అడిగేవాళ్లు ఉంటారు. నిజానికి వీళ్లే నాకు అందరికంటే నచ్చుతారు, ఎదురుచూపు కాలంలో తిరిగి వెళ్లడానికి వాళ్లకో పని చేతిలో ఉంటుంది. పెళ్లయి ఉంటే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒకటే లెక్క వేసుకోవాలి: మూడేళ్లు ఒక్కరి జీతంతో గడుస్తుందా?

ఆడపిల్లల తల్లిదండ్రులు గొంతు తగ్గించి అడుగుతారు, "అమ్మాయికి కుదురుతుందా?" అని. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్లు, ప్రపంచ సగటు కంటే చాలా ఎక్కువ. కాక్‌పిట్‌లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగేది సంబంధాలు చూసేవాళ్లే.

ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. రాష్ట్ర పథకాల సాయం సొంత రాష్ట్రం నుంచే. శ్రీకాకుళంలో మేనమామ ఉన్నాడని ఆంధ్ర పథకానికి వెళ్తే నివాస ధృవీకరణ దగ్గర ఆగిపోతారు. రాయగడ, కోరాపుట్‌ జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో ముందు అడగండి.

## స్కూలు ఎంచుకునేటప్పుడు

ప్రభుత్వ పరంగా పేరున్నది ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్‌ అకాడమీ, ఎంట్రన్స్‌ రాసి వెళ్లాలి. మహారాష్ట్ర వైపు గోండియాలోని బిర్సీ విమానాశ్రయంలో నేషనల్‌ ఫ్లయింగ్‌ ట్రైనింగ్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఉంది. ప్రైవేటువి చాలా. డీజీసీఏ 2025లో స్కూళ్లకు గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది, మొదటి జాబితాలో పై రెండు గ్రేడ్లలో ఒక్క స్కూలూ లేదు. అది చూసి బెదిరిపోకుండా, మీరు వెళ్లే స్కూలు ఏ గ్రేడ్‌లో ఉందో మాత్రం తప్పకుండా చూడండి. విదేశాల్లో త్వరగా అయిపోతుంది. వచ్చాక మన లైసెన్సుగా మార్చుకోవడానికి ఇక్కడి పరీక్షలు రాయాలి, ఆ నెలలు కూడా లెక్కలో వేసుకోండి.

ఫీజు ఒకేసారి కట్టమంటే లేచి వచ్చేయండి. ఎగిరిన గంటలను బట్టి విడతలుగా కట్టేలా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. చేరేముందు స్కూలుకి చెప్పకుండా ఒకరోజు తెల్లవారుజామునే వెళ్లండి, ఫ్లయింగ్‌ జోరుగా ఉండేది ఆ వేళే. పాత విద్యార్థుల్ని టీ కొట్టు దగ్గర పట్టుకుని పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరారో అడగండి. హ్యాంగర్‌ ముందు ఎన్ని విమానాలున్నాయో, వాటిలో ఎన్ని గాల్లోకి లేస్తున్నాయో మీరే చూసుకుని, ఆ తర్వాత ఆఫీసులోకి వెళ్లి వాళ్లు చెప్పే లెక్క వినండి.